సగటు రీడింగ్

ముప్పై ఒక్క ఏళ్లు పైసాండూ ఊళ్లో
ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూశాను.
ఏ గోడకి ఏ ఎత్తున పెట్టె ఉందో,
ఏ కుక్క మొరుగుతుందో, ఏది మొరక్కుండా కరుస్తుందో
నన్నడగండి.
పిక్క మీద రెండు మచ్చలున్నాయి,
రెండూ ఒకే కుక్కవి. దాని పేరు ప్రిన్సెసా.

ఏప్రిల్లో కంపెనీవాళ్లు పూలగుత్తీ గోడగడియారమూ ఇచ్చి పంపించారు.
పనిలేనివాడికి గడియారం!
నెలిదా నవ్వి నవ్వి, దాన్ని వంటింట్లో
ఉల్లిపాయల బుట్ట పైన తగిలించింది.

మొదటి వారం చీకటితోనే లేచి బూట్లు వేసుకున్నాను.
లేసులు కట్టాక గుర్తొచ్చింది.
విప్పడానికి మనసొప్పక
నది ఒడ్డు దాకా నడిచి,
అవతల అర్జెంటీనా ఉందో లేదో చూసి తిరిగొచ్చాను.
ఉంది.

దారిలోనే నూరు పేజీల లెక్కల నోటుపుస్తకం కొన్నాను.
గళ్ల కాగితం. అంకెలకి అలవాటైన చెయ్యి
గీతల మీద నిలబడదు.
తేదీ, ఎండో వానో, ఆ పూట ఖర్చయినది.
డబ్బు కాదు, రోజు.

మే ఏడు. చలి మొదలు. మాతే ఆకు అయిపోయింది.
ఎదురింటి వాషింగ్టన్, మా దగ్గర మనుషులకి పెట్టే పేరే అది,
అప్పిచ్చాడు. ఇస్తూ మొహం చిట్లించాడు.
మే తొమ్మిది. పళ్ల డాక్టరు. ఉన్నవి పద్దెనిమిది.
నిరుడు పంతొమ్మిది.
మే పదిహేను. చెట్టు కింద రాలిన నారింజలు పదకొండు.
ఒకదాంట్లో చీమలు కాపురం పెట్టాయి, వదిలేశాను.
జూన్ రెండు. బీపీ బిళ్ల వేసుకున్నాను.
జూన్ రెండు. బీపీ బిళ్ల వేసుకున్నాను.
రెండుసార్లు రాశానా, రెండుసార్లు మింగానా
పుస్తకం చెప్పదు.

నా రాత అచ్చం నా పాత రాతే:
ఏడుకి అడ్డగీత, సున్నా మధ్య చుక్క,
మనిషి గురించి ఒక్క మాటా లేదు.

కొన్ని రోజులుంటాయి.
వాన పట్టుకుని వదలదు,
పొద్దుట్నుంచి రాత్రి దాకా ఆకాశం ఒకటే బొగ్గుబూడిద.
అలాంటప్పుడు రాసేవాణ్ణి: ఏమీ లేదు.
జూన్లో ఏమీ లేదులు ఆరు.
జులైలో పదమూడు.

ఆగస్టు మొదట్లో పుస్తకం తిరగేస్తుంటే
జులై పన్నెండు కింద పెన్సిలు రాత.
నెలిదాది. సరుకుల చీటీ మీద రాసే వాలు అక్షరాలు.
"ఏమీ లేదా? నేను జుట్టు కత్తిరించుకున్నాను."

వెనక్కి తిప్పాను.
జూన్ ఇరవై మూడు: "మా చెల్లెలు ఫోన్ చేసింది. పన్నెండేళ్ల తర్వాత."
జులై మూడు: "మిషను సూది విరిగింది. గట్టిగానే తిట్టాను.
నువ్వు పక్కగదిలో ఉన్నావు."
జులై పంతొమ్మిది: "ఇవాళ నిజంగానే ఏమీ లేదు."

తాళం వేసిన ఇల్లు తగిలితే మేమేం చేయాలో చెప్తాను.
గేటు రెండుసార్లు తట్టాలి, మూడోసారి పేరు పెట్టి పిలవాలి.
ఎవరూ పలక్కపోతే 'డోర్ లాక్' అని రాసి,
పోయిన మూడు నెలల సగటు వేసి
పక్కింటికి పోవాలి.
దాచడమెందుకు, జనవరి ఎండల్లో
తట్టకుండానే సగటు వేసిన గేట్లు బోలెడు.
లోపల రేడియో మోగుతూనే ఉండేది.

వంటింట్లోకి వెళ్లాను.
నెలిదా గుమ్మడికాయ తరుగుతోంది.
జుట్టు అప్పుడే మళ్లీ మెడ మీదికి వచ్చేసింది.
ఎంత తీయించుకుందో కొలవడానికి పాత రీడింగ్ లేదు.
"చెల్లెలు ఏమంది?" అన్నాను.
"ఎప్పుడు?"
"జూన్ ఇరవై మూడు."
కత్తి ఆపింది. గడియారం వంక చూసింది.
"కూచో," అంది. "అది పొడుగాటి కథ."

ఆగస్టు నాలుగు. వాన. సూపు మాడిపోయింది.
కారణం రాయడానికి గళ్లు చాలక
మార్జిన్లోకి ఎక్కాను.

పొద్దున చూస్తే కింద పెన్సిలు:
"మాడలేదు. కాస్త అడుగంటింది."